నాడి చూసుకుని నడక మొదలెట్టండి

డాబా మీద బట్టలారేసి కిందికి దిగేసరికి గుండె దడదడా కొట్టుకుంటుంది. బజారు నుంచి కూరల సంచీ మోసుకొస్తుంటే దారిలో రెండుసార్లు ఆగాల్సి వస్తుంది. 'నలభై దాటాయి కదా, మామూలే' అని సరిపెట్టుకుంటాం. ఈలోగా ఎవరో ఒకరు 'ఒళ్ళు తగ్గించుకోవే, రోజూ గంటసేపు నడువు' అని సలహా పారేస్తారు. సరేనని మర్నాడు తెల్లవారకముందే లేచి, రోజూ నడిచే పక్కింటావిడతో సమానంగా అడుగులేయబోతే పావుగంటకే గుండె గొంతులోకి వచ్చినట్లవుతుంది. భయమేస్తుంది. మూడోరోజుకి నడక బంద్!

గుంటూరు, నరసరావుపేట, చిలకలూరిపేట, ఒంగోలు, చీరాల... ఏ ఊళ్ళోనైనా ఆడవాళ్ళు నలుగురు చేరినచోట అడిగి చూడండి, ఈ కథ చెప్పేవాళ్ళు ఒకరిద్దరైనా ఉంటారు. ఆ దడ ఉత్త అలవాటు లేనితనమా, లేక గుండె నిజంగానే ఏదో చెబుతోందా? ఈ తేడా తెలియకే కొందరు భయపడక్కర్లేని చోట భయపడి మానేస్తున్నారు. ఇంకొందరు ఆగాల్సినచోట ఆగకుండా ప్రాణం మీదికి తెచ్చుకుంటున్నారు. తేడా తెలుసుకోవడానికి పెద్ద చదువులేమీ అక్కర్లేదు. సెకన్ల ముల్లున్న గడియారం, బీపీ చూపించుకునే ఓపిక ఉంటే చాలు.

రోకళ్ళు పోయాయి, ఒళ్ళు వచ్చింది

మన పత్తి, మిరప నేలల్లో ఆడవాళ్ళకి వ్యాయామం అనే మాట ఒకప్పుడు అవసరం లేదు. మాఘ, ఫాల్గుణాల్లో కల్లాల్లో కాయ ఎండబెట్టడం, తొడిమలు తీయడం, ఏడాదికి సరిపడా కారం రోట్లో దంచుకోవడం, నూతిలో నీళ్ళు తోడుకోవడం... అన్నీ ఒంటికి పనే. ఇప్పుడు కారం మిల్లుకి వెళ్తుంది, పచ్చడి మిక్సీలోకి, బట్టలు వాషింగ్ మెషీన్లోకి. మళ్ళీ రోకళ్ళు పట్టమని ఎవరూ అనడం లేదు. ఆ చాకిరీ తగ్గడం మంచిదే. కానీ పని తగ్గినంతగా అన్నం, పచ్చడి, నెయ్యి తగ్గలేదు.

తెల్లవారుజామున ఈ ఊళ్ళలో రోడ్డు మీదికొస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. నడకకు బయల్దేరిన టౌను ఆడవాళ్ళ పక్కనుంచే ఆటోల్లో కిక్కిరిసి కూలీ ఆడవాళ్ళు మిరప కోతకో, పత్తి తీతకో వెళ్తుంటారు. ఒకరికి ఒంటి శ్రమ చాలక, మరొకరికి ఎక్కువై! పొలం పని చేసేవాళ్ళకి బీపీ రాదనుకోవడం మాత్రం పొరపాటు. అక్కడా వస్తుంది, చూపించుకోరు కనుక తెలియదు, అంతే.

ఒంటి పనికీ గుండెకీ సంబంధం ఉందని లెక్కలతో చూపించింది బస్సులు. 1953లో లండన్‌లో జెరెమీ మోరిస్ అనే డాక్టరు డబుల్ డెక్కర్ బస్సుల సిబ్బందిని పరిశీలించారు. రోజంతా కూర్చుని బస్సు నడిపే డ్రైవర్ల కంటే, అదే బస్సులో రోజంతా మెట్లెక్కి దిగుతూ టిక్కెట్లు కొట్టే కండక్టర్లకి గుండెజబ్బు తక్కువగా వచ్చింది. మనలో చాలామంది ఇప్పుడు కండక్టరు సీటు నుంచి డ్రైవరు సీటులోకి మారినవాళ్ళమే. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15 నుంచి 49 ఏళ్ళ ఆడవాళ్ళలో మూడోవంతుకు పైగా ఉండాల్సినదానికంటే ఎక్కువ బరువున్నారు. పదిహేనేళ్ళు దాటిన ఆడవాళ్ళలో సుమారు నలుగురిలో ఒకరికి బీపీ ఎక్కువగా ఉంది, లేదా దానికి మందు వాడుతున్నారు.

గుండె ఎందుకు పరిగెడుతుంది?

గుంటూరు యార్డులో మిర్చి టిక్కీ ఒక్కోటి నలభై కిలోలకు పైనే తూగుతుంది. ఉండాల్సినదానికంటే పదిహేను కిలోలు ఎక్కువున్న మనిషి ఆ టిక్కీలో మూడోవంతు నడుముకి కట్టుకుని మెట్లెక్కుతున్నట్లు లెక్క. అంత బరువుని కదిలించాలంటే కండరాలకి ఎక్కువ రక్తం కావాలి. రోజూ కష్టానికి అలవాటుపడిన గుండె ఒక్కో దెబ్బకి ఎక్కువ రక్తం తోస్తుంది, కాబట్టి తక్కువసార్లు కొట్టుకున్నా సరిపోతుంది. అలవాటు లేని గుండె ఒక్కో దెబ్బకి తక్కువ తోస్తుంది. లోటు పూడ్చుకోవడానికి ఎక్కువసార్లు కొట్టుకుంటుంది. మొదటివారంలో మీ గుండె పరుగెత్తడానికి చాలామటుకు కారణం ఇదే. జబ్బు అని హడలిపోనక్కర్లేదు. రెండు మూడు నెలలు సాధన చేస్తే అదే దారిలో, అదే నడకకి నాడి తక్కువ కొట్టుకోవడం మీరే లెక్కపెట్టి చూసుకోవచ్చు.

నాడి చూడటం ఇలా. పొద్దున్నే లేవగానే, కాఫీ తాగకముందు, మంచం మీదే కూర్చోండి. ఒక చేతి మణికట్టు దగ్గర, బొటనవేలి మొదలు కింద, రెండో చేతి చూపుడువేలు, మధ్యవేలు ఆనించండి. బొటనవేలితో చూడకండి, దానికీ సొంత నాడి ఉంటుంది, లెక్క తప్పుతుంది. నిమిషం పాటు లెక్కపెట్టండి. విశ్రాంతిగా ఉన్నప్పుడు 60 నుంచి 100 మధ్య ఉంటే మామూలే. మూడురోజులు చూసి ఒక నోటుబుక్కులో రాసుకోండి. రోజూ వంద దాటుతున్నా, మధ్యమధ్యలో తాళం తప్పినట్లు కొట్టుకుంటున్నా నడక సంగతి తర్వాత, ముందు డాక్టరుకి చూపించుకోండి.

ఇక్కడ ఒక సంగతి గట్టిగా చెప్పాలి. లావుగా ఉన్నామంటే రక్తం బాగానే ఉందని మన ఇళ్ళల్లో ఒక నమ్మకం. అదే సర్వేలో మన రాష్ట్రంలో సగానికి పైగా ఆడవాళ్ళకి రక్తహీనత ఉందని తేలింది. వాళ్ళంతా బక్కచిక్కినవాళ్ళేం కాదు. హెమోగ్లోబిన్ 12 కంటే తగ్గితే, ఉన్న కాస్త రక్తంతోనే పని గడుపుకోవడానికి గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఆయాసమొస్తుంది. థైరాయిడ్ తేడా చేసినా గుండె వేగం మారుతుంది. నెలసరి ఎక్కువగా పోయే నలభై అయిదేళ్ళ ఆవిడ 'ఒళ్ళు వల్లే ఈ ఆయాసం' అనుకుని నడక పెంచుకుంటూ పోతే ఏం లాభం? ముందు రక్తపరీక్ష చేయించుకోవాలి.

ఎంత వేగం వరకు ఫర్వాలేదు?

220 లోంచి వయసు తీసేస్తే గుండె అత్యధిక వేగం వస్తుందని ఒక పాత లెక్క. 45 ఏళ్ళావిడకి 175. ఆడవాళ్ళకి ఈ లెక్క కాస్త ఎక్కువ చూపిస్తుందని, చికాగోలో అయిదువేలమందికి పైగా మహిళల్ని ట్రెడ్‌మిల్ ఎక్కించి పరీక్షించినవాళ్ళు 2010లో వేరే లెక్క చెప్పారు. వయసుని 0.88తో హెచ్చవేసి, వచ్చినదాన్ని 206 లోంచి తీసేయాలి. అదే 45 ఏళ్ళావిడకి 166 వస్తుంది. ఆ అత్యధిక వేగాన్ని అందుకోమని కాదు సుమా! అందులో సగం నుంచి నూటికి డెబ్భై వంతుల వరకు, అంటే సుమారు 83 నుంచి 116 మధ్య ఉండేలా నడవాలి. కొత్తగా మొదలెట్టేవాళ్ళు కింది అంకెకి దగ్గరగా ఉంటే మంచిది. నడక మధ్యలో ఆగి వెంటనే పదిహేను సెకన్లు లెక్కపెట్టి నాలుగుతో హెచ్చవేయండి. పదిహేను సెకన్లకి 29 దాటితే జోరు తగ్గించుకోవాలన్నమాట.

లెక్కలంటే చిరాకనేవాళ్ళకి ఇంకో సులువుంది. నడుస్తూ పక్కావిడతో కోడలి గురించో, సీరియల్ గురించో మాట్లాడగలగాలి. పాట పాడమంటే మాత్రం ఊపిరి చాలకూడదు. మాటలు కూడా ముక్కలుముక్కలుగా వస్తున్నాయంటే మీ స్తోమతు మించిందని అర్థం.

అసలు ఈ మాటల పద్ధతే కొంతమందికి గతి. బీపీకి, గుండెదడకి అటెనొలాల్, మెటొప్రొలాల్ లాంటి మాత్రలు వేసుకునేవాళ్ళకి ఎంత నడిచినా నాడి పెద్దగా పెరగదు. మాత్ర పనే అది. పై అంకె రాలేదని వాళ్ళు పరుగందుకుంటే ప్రమాదం.

జాకెట్టు చెయ్యి, చిన్న పట్టీ

నడక మొదలెట్టేముందు బీపీ చూపించుకోమంటే 'మొన్నే చూశారు, 150 ఉందన్నారు' అంటారు. ఎలా చూశారో అడగండి. రిక్షా దిగి, మెట్లెక్కి, కుర్చీలో కూర్చోగానే పట్టీ చుడితే ఎవరికైనా ఎక్కువే వస్తుంది. అయిదు నిమిషాలు వెన్ను ఆనించి, కాళ్ళు నేలకానించి కూర్చోవాలి. కాలు మీద కాలు వేసుకోకూడదు. మూత్రం ఆపుకుని ఉండకూడదు. అరగంట ముందు నుంచి కాఫీ తాగకూడదు. చెయ్యి గుండె ఎత్తున బల్ల మీద ఉండాలి. చూస్తున్నంతసేపూ కబుర్లు బంద్.

మన విషయంలో ఇంకో చిక్కుంది. బిగుతు జాకెట్టు చేతిని పైకి లాగి, ఆ మడత కింద పట్టీ చుడతారు. ఆ మడతే చేతిని తాడులా బిగిస్తుంది, అంకె నమ్మకానికి రాదు. బీపీ చూపించుకునేరోజు వదులు చేతుల జాకెట్టో, చుడీదారో వేసుకెళ్ళండి. దండ లావుగా ఉన్నవాళ్ళకి పట్టీ కూడా పెద్దదే కావాలి. 2023లో అమెరికాలో వెలువడిన ఒక పరిశీలనలో, అన్నిటికంటే పెద్ద పట్టీ కావలసినవాళ్ళకి మామూలు పట్టీతో చూస్తే పై అంకె ఇరవై దాకా ఎక్కువ చూపించింది. అంటే లేని బీపీ ఉందనిపించవచ్చు, ఉన్న బీపీకి అవసరాన్ని మించి మందు పడవచ్చు. 'కాస్త పెద్ద పట్టీ ఉందా అండీ?' అని అడగడానికి మొహమాటపడకండి. లావు గురించి మన నోటితో మనమే చెప్పుకోవాలా అని సిగ్గుపడి ఊరుకునేవాళ్ళే ఎక్కువ. అది సిగ్గుపడే సంగతి కాదు, చెప్పుల సైజు చెప్పడంలాంటిదే.

ఒక్కరోజు చూసి తేల్చేయడం కూడా తగదు. వేరువేరు రోజుల్లో చూసినా 140/90కి తగ్గడం లేదంటే బీపీ ఉన్నట్లే. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలోనూ, ఊరి ఏఎన్ఎం దగ్గరా డబ్బివ్వకుండానే చూపించుకోవచ్చు. 2023 ఏప్రిల్‌లో మన చిలకలూరిపేట దగ్గర లింగంగుంట్లలో మొదలైన ఫ్యామిలీ డాక్టర్ కార్యక్రమంలోనూ బీపీ, షుగరు పరీక్షలకి పెద్ద చోటే ఇచ్చారు. పై అంకె 180, కింది అంకె 110 దాటి ఉంటే మాత్రం వ్యాయామం జోలికి పోకుండా ముందు మందుతో అదుపులోకి తెచ్చుకోవాలి.

నడవగానే పెరుగుతుందే!

ఇంట్లో మెషీన్ కొనుక్కున్నవాళ్ళు నడిచి వచ్చీరాగానే చూసుకుని గాభరా పడుతుంటారు. నడిచేటప్పుడు పై అంకె పెరగాలి, పెరగకపోతేనే ఆలోచించాలి. కింది అంకె ఉన్నచోటే ఉంటుంది, లేదా కొద్దిగా దిగుతుంది. నడక ఆపాక అరగంటకి చూసుకుంటే చాలామందికి బీపీ నడవకముందుకంటే తక్కువే ఉంటుంది, ఆ మేలు కొన్ని గంటలు నిలుస్తుంది. నెలల తరబడి సాగిస్తే బీపీ ఉన్నవాళ్ళకి పై అంకె అయిదు నుంచి ఎనిమిది వరకు తగ్గుతుంది. బరువు తగ్గితే కిలోకి ఒకటి చొప్పున ఇంకా దిగుతుంది. కాటా ముల్లు కదలకపోయినా బీపీ మీద నడక ప్రభావం కనిపిస్తుంది కనుక, 'నెల్లాళ్ళు నడిచినా అర కిలో తగ్గలేదు' అని నిరుత్సాహపడి మానేయకండి.

నడకలా కాకుండా ఊపిరి బిగబట్టి చేసే పనుల్లో బీపీ ఒక్కసారిగా ఎగుస్తుంది. గ్యాస్ సిలిండరు ఎత్తడం, బియ్యం బస్తా జరపడం అలాంటివే. బరువులెత్తే కసరత్తులు మంచివే కానీ బీపీ అదుపులోకి వచ్చాక, తేలికపాటి బరువులతో, ఊపిరి వదులుతూ చేయాలి.

కారానిది కాదు తప్పు

'మనది గుంటూరు కారం, బీపీ రాక ఏమవుతుంది' అని నవ్వుకుంటాం కానీ కారానికి ఆ నింద అన్యాయం. కారం వెనకాల నక్కి వచ్చే ఉప్పుదే తప్పంతా. పండుమిరపకాయల పచ్చడి, గోంగూర, ఆవకాయ నిలవుండాలంటే ఉప్పు దండిగా పడాల్సిందే. ఊరమిరపకాయలు, వడియాలు, అప్పడాలు సరేసరి. తెలుగు ప్రాంతాల్లో పట్నాల్లోనూ పల్లెల్లోనూ పెద్దవాళ్ళ మూత్రం 24 గంటలపాటు సేకరించి ఉప్పు లెక్క కట్టిన ఒక పరిశీలన 2017లో వెలువడింది. మనిషికి రోజుకి సుమారు 9.5 గ్రాములని తేలింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది 5 గ్రాముల లోపు, అంటే అన్నిటిలో కలిపి ఒక చెంచాడు. పచ్చడి మానమంటే మన ప్రాంతంలో ఎవరూ మానరు. నేనూ చెప్పను. మొదటి ముద్దకే పరిమితం చేసుకుని, పెరుగన్నంలో నంజుకోవడం, మజ్జిగలో ఉప్పేసుకోవడం మానుకుంటే కొంతైనా దిగుతుంది.

మొదటి నెల ఎలా?

మొదటివారం పొద్దున పది నిమిషాలు, సాయంత్రం పది నిమిషాలు. చాలు. ఇంట్లోంచి అయిదు నిమిషాలు దూరం పోయి వెనక్కి రండి. గంట నడిచే పక్కింటావిడతో పోటీ వద్దు. తర్వాత వారానికి అయిదు నిమిషాల చొప్పున పెంచుకుంటూ పోతే నెలన్నరకల్లా రోజుకి నలభై నిమిషాలకు పైనే వస్తుంది. పెద్దవాళ్ళకి ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్పేది వారానికి 150 నిమిషాలకి తగ్గకుండా ఒక మోస్తరు వ్యాయామం. దాన్ని ముక్కలుగా పంచుకున్నా ఫలితం ఉంటుంది. రోజుకి పదివేల అడుగులు అన్నది 1960ల్లో జపాన్‌లో అడుగులు లెక్కపెట్టే యంత్రాన్ని అమ్ముకోవడానికి పుట్టిన మాట. వయసు మళ్ళిన ఆడవాళ్ళ మీద 2019లో అమెరికాలో వచ్చిన పరిశీలనలో నాలుగున్నర వేల అడుగులకే మేలు కనిపించింది.

మొదటి అయిదు నిమిషాలూ నెమ్మదిగా నడవండి. చివరా అంతే. జోరుగా నడిచి చటుక్కున అరుగు మీద కూలబడితే రక్తమంతా కాళ్ళలో నిలిచి కళ్ళు తిరుగుతాయి. హవాయి చెప్పులతో నడవడం వద్దు. చీర మీద బూట్లేసుకుంటే నలుగురూ నవ్వుతారని వెనకాడతారు కానీ, మోకాళ్ళు అరిగాక ఆ నలుగురూ వచ్చి మోయరు. చోటు కూడా చూసుకోవాలి. గుంటూరులో ఎన్టీఆర్ స్టేడియం ఉంది, చిన్న ఊళ్ళలో కాలేజీ గ్రౌండు, సాగర్ కాలువ కట్ట ఉంటాయి. కట్టల మీద చీకట్లో పాములు, కుక్కల భయం కనుక వెలుగొచ్చాకే వెళ్ళండి. ఎక్కడా వీలుకాకపోతే డాబా మీదే నడవండి. చీరాల వైపు వాళ్ళకి ఓడరేవు, సూర్యలంక ఇసుక ఊరిస్తుంది. కానీ ఇసుకలో నడక గట్టినేల మీదకంటే చాలా కష్టం, అది రెండో నెల సంగతి. మోకాళ్ళు సహకరించనివాళ్ళు కుర్చీలో కూర్చుని కాళ్ళు చాపి ముడవడం, కుర్చీ పట్టుకుని లేచి కూర్చోవడంతో మొదలెట్టవచ్చు.

ఇక మన ఎండలు! రెంటచింతల పేరు వేసవిలో పేపర్లలో ఊరికే రాదు. ఎండలో ఒంటిని చల్లార్చడానికి గుండె చర్మం వైపు కూడా రక్తం పంపాలి. అందుకే అదే నడకకి నాడి ఇంకా ఎక్కువ కొట్టుకుంటుంది. ఏప్రిల్, మే నెలల్లో ఏడు కొట్టేలోపే నడక అయిపోవాలి. మూత్రం ఎక్కువగా వెళ్ళే రకం బీపీ మాత్ర వేసుకునేవాళ్ళు వేసవిలో కళ్ళు తిరుగుతుంటే డాక్టరుకి చెప్పాలి. సీజనులో యార్డు, కోల్డ్ స్టోరేజీల వైపు మిరప ఘాటుకి దగ్గు తెరలు వస్తాయి, ఉబ్బసం ఉన్నవాళ్ళు ఆ దారి మార్చుకోవడం మేలు.

ఇవన్నీ సరే, పొద్దున అయిదున్నరకి కాఫీ, ఏడింటికి టిఫిను, ఎనిమిదింటికి క్యారేజీలు... మనకి తీరికేదీ? ఇంట్లో మగవాళ్ళు ఒక్కపూట కాఫీ కలుపుకుంటే ఇరవై నిమిషాలు దొరుకుతాయి. ఈ మాట ఆడవాళ్ళ పేజీలో రాస్తే ప్రయోజనమేమిటని అడక్కండి, ఈ పేజీ బల్ల మీద తెరిచిపెట్టి వెళ్ళండి.

ఎక్కడ ఆగిపోవాలి?

నలభై దాటి, షుగరో బీపీయో ఉన్నవాళ్ళు, ఇంట్లో చిన్నవయసులో గుండెపోటు వచ్చినవాళ్ళున్నవాళ్ళు, చిన్నప్పుడు కీళ్ళ జ్వరం, అదే రుమాటిక్ ఫీవరు వచ్చినవాళ్ళు డాక్టరుని అడిగాకే మొదలెట్టాలి. అవసరమనుకుంటే ఆయన ఈసీజీయో, ట్రెడ్‌మిల్ టెస్టో రాస్తారు.

నడుస్తుంటే గుండెమీద బరువు పెట్టినట్లుండటం, దవడకో, ఎడమ చేతికో, వీపుకో పాకే నొప్పి, చల్లటి చెమటలు, కళ్ళు చీకట్లు కమ్మడం, ఆగినా తగ్గని దడ... వీటిలో ఏది వచ్చినా అక్కడే కూర్చోండి. ఆడవాళ్ళకి గుండెపోటు ఛాతీనొప్పిగానే రావాలని లేదు. వికారం, ఎన్నడూ లేనంత నీరసం, ఆయాసంగా కూడా రావచ్చు. 'గ్యాస్ అయ్యుంటుంది' అని సోడా తాగి పడుకున్నవాళ్ళలో కొందరికి అది గ్యాస్ కాదు. నొప్పి అయిదు నిమిషాల్లో తగ్గకపోతే 108కి ఫోన్ చేయాలి. పిల్లలు స్కూలు నుంచి రానీ, ఆయన షాపు నుంచి రానీ అని ఆగడం ఆడవాళ్ళకి బాగా అలవాటు, ఆ ఆలస్యమే కొంప ముంచుతుంది. మామూలు అలవాటు లేని దడ అయితే నెమ్మదించగానే దిగడం మొదలెడుతుంది, నాలుగైదు నిమిషాల్లో మాట సర్దుకుంటుంది. రెండింటికీ తేడా ఇక్కడే తెలుస్తుంది.

'నడుస్తున్నాను కదా' అని మాత్రలు మీ అంతట మీరు మానేయకండి. మూడు నెలలపాటు వారానికి రెండుసార్లు, ఒకే వేళకి, ఒకే చేతికి, సరిపడే పట్టీతో చూసిన బీపీ, పొద్దుటి నాడి నోటుబుక్కులో తేదీలతో రాసి పట్టుకెళ్ళండి. మాత్ర తగ్గించాలో, అలాగే ఉంచాలో ఆ బుక్కు చూసి డాక్టరుగారు చెబుతారు.